మమ్మల్ని ఏ పద్దు కింద రాస్తారు?

ప్రభుత్వం దగ్గర రెండు సొరుగులున్నాయి. ఒకదాని మీద 'తెలుగు భాష, సంస్కృతి' అని రాసి వుంటుంది. ఇంకోదాని మీద 'మైనారిటీ సంక్షేమం' అని రాసి వుంటుంది. మొదటి సొరుగులోంచి నాటకానికి, నాట్యానికి, కవిసమ్మేళనానికి, శాలువాకి, పుస్తకానికి డబ్బు వస్తుంది. రెండో సొరుగులోంచి స్కాలర్‌షిప్పు, లోను, కుట్టుమిషను, ఇఫ్తార్ విందు వస్తాయి. బెజవాడ వించిపేటలోనో, బందరులోనో, తెనాలి పక్క పల్లెలోనో పుట్టి, తెలుగు బడిలో చదివి, తెలుగులో కవిత్వం రాసే సాయిబు. తెలుగులో బుర్రకథ చెప్పే దూదేకులాయన. సీతారాముల కల్యాణానికి నాదస్వరం వూదే షేక్ - వీళ్లది ఏ సొరుగు?

మొదటి సొరుగు దగ్గరికి వెళితే 'మీకు ఉర్దూ పద్దు వేరే వుందిగా' అంటారు. ఉర్దూ పద్దు దగ్గరికి వెళితే 'మీరు రాసేది తెలుగు కదా మియా' అంటారు. సంక్షేమం దగ్గరికి వెళితే 'కవిత్వం సంక్షేమం కిందికి రాదు' అంటారు. మూడు గుమ్మాలు. మూడింటి ముందూ మేం పరాయివాళ్లమే.

కళలకు సర్కారు సొమ్ము ఇవ్వాలా వద్దా అని పెద్దమనుషులు చర్చలు చేస్తుంటారు. మాకు ఆ చర్చకన్నా ముందు ఇంకో ప్రశ్న వుంది. ఇస్తున్న సొమ్ము ఎవరిని తెలుగువాళ్లుగా లెక్కగట్టి ఇస్తున్నారు? బడ్జెట్ అంటే అంకెలు మాత్రమే కాదు. ఎవరిది సంస్కృతి, ఎవరిది పేదరికం అని రాజ్యం ఏటా రాసుకునే దస్తావేజు అది. ఆ దస్తావేజులో వాళ్లకు కళ వుంది. మాకు కష్టాలు మాత్రమే వున్నాయి.

ఇప్పుడు చరిత్ర చూద్దాం.

కృష్ణా డెల్టాలో కళకు సర్కారు సొమ్ము అనగానే మొదట గుర్తుకు రావలసిన పేరు అబుల్ హసన్ కుతుబ్‌షా. జనం పిలుచుకున్న పేరు తానీషా. 1672 నుంచి 1687 దాకా గోల్కొండను ఏలినవాడు. బందరు వైపు వచ్చినప్పుడు కూచిపూడి భాగవతుల ఆట చూసి మురిసిపోయి, ఆ వూరిని ఆ కుటుంబాలకు అగ్రహారంగా రాసిచ్చాడని చెబుతారు. ఈ మాట మేం కల్పించింది కాదు. కూచిపూడి వాళ్లు తరతరాలుగా చెప్పుకునే మాటే. బ్రాహ్మణ కుటుంబాలు ఆడే భాగవతానికి తురక రాజు వూరే ఇచ్చేశాడు. నీ మతమేమిటి, నా మతమేమిటి అని అడగలేదు. 'ఇది నా భాష కాదు' అనలేదు.

ఆయనకంటే ముందు ఇబ్రహీం కుతుబ్‌షా. తెలుగు కవులు ఆయన్ని ప్రేమగా 'మల్కిభరాముడు' అన్నారు. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని అంకితమిచ్చింది ఆయనకే. అచ్చతెలుగులో వచ్చిన మొదటి కావ్యంగా మన సాహిత్య చరిత్రలు చెప్పే యయాతి చరిత్రను పొన్నెగంటి తెలగన అంకితమిచ్చింది పటాన్‌చెరువు అమీన్‌ఖానుకు. అచ్చతెలుగు అన్నది ఒక ముస్లిం అమీరు నీడన మొదలైందని ఎన్ని తెలుగు వాచకాలు పిల్లలకు చెబుతున్నాయి?

అదే తానీషా గురించి మన పిల్లలకు ఏం తెలుసు? రామదాసును చెరసాలలో పెట్టాడని తెలుసు. హరికథలో తెలుసు, సినిమాలో తెలుసు. కంచర్ల గోపన్న పాల్వంచ తహశీల్దారు. వసూలు చేసిన సర్కారు శిస్తుతో భద్రాచలంలో గుడి కట్టించాడు. ఈనాటి ఏ ప్రభుత్వంలోనైనా ఒక తహశీల్దారు ఆ పని చేస్తే ఏమవుతుందో మనకు తెలుసు. అయినా భద్రాద్రి కల్యాణానికి సర్కారు తరఫున ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం తానీషా నాటిదేనని అక్కడి సంప్రదాయం చెబుతుంది. ఆయన వేసిన సంకెళ్లు గుర్తున్నాయి. ఆయన పంపిన ముత్యాలు, రాసిచ్చిన అగ్రహారం గుర్తు లేవు. బెజవాడ కొండ కింద గుహలకు మాత్రం ఆయన మంత్రులు అక్కన్న మాదన్నల పేరు నిలిచింది. మంత్రులు మనవాళ్లు. రాజు పరాయివాడు.

ఇదంతా గొప్పలకోసం చెప్పడం లేదు. నవాబులు మాకు చుట్టాలు కారు. తానీషా ఖజానాలో సొమ్ము మా తాతలు దూది ఏకితే, మీ తాతలు దుక్కి దున్నితే వచ్చిందే. రాజులు ఇచ్చింది వాళ్ల చెమట కాదు. మేం చెబుతున్నది ఒక్కటే. తెలుగు కళకు సర్కారు సొమ్ము అన్న అలవాటు పుట్టినచోట మేం వున్నాం. ఆ అలవాటు పెరిగి అకాడమీలయ్యాక, అవార్డులయ్యాక, ఉత్సవాలయ్యాక మేం లేం. మధ్యలో ఏం జరిగింది?

జరిగిందేమిటో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పటి నుంచీ చూడండి. 1957లో రాష్ట్రంలో సాహిత్య అకాడమీ, సంగీత నాటక అకాడమీ పెట్టారు. కూచిపూడి శాస్త్రీయ నృత్యమా కాదా అని ఢిల్లీలో తగువు వచ్చినప్పుడు రాష్ట్ర అకాడమీ ఆ నృత్యానికి వెన్నుదన్నుగా నిలబడి సదస్సులు పెట్టింది. కూచిపూడిలో కట్టిన కళాక్షేత్రం తర్వాత తెలుగు విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. 2016 డిసెంబర్‌లో విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో ఆరు వేల మందికి పైగా ఒక్కసారిగా కూచిపూడి ఆడితే గిన్నిస్ వాళ్లు రికార్డు రాసుకున్నారు. ఒక పల్లెలో కొన్ని ఇళ్ల మగవాళ్లు ఆడిన ఆట ప్రపంచం మొత్తానికి తెలిసిన నృత్యమైంది. కళాకారుల శ్రమ వుంది, నిజమే. రాజ్యం చెయ్యి కూడా వుంది.

కూచిపూడికి ఇచ్చారని మాకు ఏడుపు లేదు. రాజ్యం తలుచుకుంటే ఒక కళను ఎక్కడి నుంచి ఎక్కడికి తీసుకుపోగలదో కూచిపూడి రుజువు చేసింది. అందుకే అడుగుతున్నాం. ఇదే డెల్టాలో కలావంతుల ఆటపాటలకు ఏం జరిగింది? 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ చట్టం తెచ్చింది. గుళ్లలో ఆట ఆగింది. ఆట మీద బతికిన ఆడవాళ్లకు ఆ ఆటతోనే గౌరవంగా బతికే దారి చూపించలేదు. రాజ్యం కులం చూసి కళను ఎత్తుకుంటుంది, కులం చూసి కళను దించేస్తుంది. మా మాట అక్కడి నుంచే మొదలవుతుంది.

నాజర్‌ను చూడండి. షేక్ నాజర్, 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల ఇంట్లో పుట్టాడు. బుర్రకథ అంటే నాజర్, నాజర్ అంటే బుర్రకథ. ప్రజానాట్యమండలితో కలిసి వూరూరా తిరిగి బెంగాల్ కరువు కథ చెప్పాడు, పల్నాటి యుద్ధం చెప్పాడు, అల్లూరి సీతారామరాజు కథ చెప్పాడు. ఆ రోజుల్లో బెజవాడ ప్రజానాట్యమండలికి గుండెకాయ. సుంకర, వాసిరెడ్డి రాసిన 'మా భూమి' నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. బుర్రకథల మీదా నిషేధం పడింది. అంటే రాజ్యం నుంచి నాజర్ కళకు ముట్టిన మొదటి కానుక నిషేధం. ఆ తర్వాత అదే రాజ్యం బుర్రకథ బలమేమిటో గ్రహించింది. కుటుంబ నియంత్రణ ప్రచారానికి, ప్రభుత్వ పథకాల ప్రచారానికి బుర్రకథ దళాలను పిలిచింది. పాటలో ప్రశ్న తీసేసి ప్రకటన పెట్టమంది. నాజర్‌కు పద్మశ్రీ వచ్చింది 1986లో. అప్పటికి ఆయనకు అరవై ఆరేళ్లు. ఆయన తన ఆత్మకథకు పెట్టుకున్న పేరు 'పింజారి'. ఎవరిని తిట్టాలన్నా ఈ దేశం వాడే కులం పేరును ఆయన పుస్తకం అట్టమీద తలెత్తుకుని నిలబెట్టాడు. పద్మశ్రీ అయితే పింజారితనం పోతుందని ఆయన అనుకోలేదు. మనమూ అనుకోవద్దు.

షేక్ చినమౌలానాను చూడండి. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టాడు. చిలకలూరిపేటలో నాదస్వరం నేర్చుకున్నాడు. తంజావూరు బాణీ కోసం తమిళనాడు వెళ్లి శ్రీరంగంలో స్థిరపడ్డాడు. రంగనాథుడి వూళ్లో ఒక షేక్ నాదస్వరం వూదాడు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. తెలుగునేల మీద పుట్టిన విద్వాంసుడు పొరుగు రాష్ట్రంలో ఇల్లు కట్టుకుని అక్కడే పాఠం చెప్పాడు. ఆయన ఎక్కడుండాలన్నది ఆయన ఇష్టం. మన ప్రశ్న ఆయనకు కాదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో నాదస్వరాన్ని తరాలుగా మోస్తున్న దూదేకుల, షేక్ కుటుంబాల పిల్లలు ఇప్పుడు బ్యాండ్ మేళంలోకో, ఆటో స్టీరింగు ముందుకో ఎందుకు పోతున్నారు? కల్యాణంలో మంగళవాద్యం లేనిదే తాళి కట్టరు. ఆ వాద్యం వూదే మనిషి భోజనం ఏ పంక్తిలో పెడతారో మాత్రం అడక్కూడదు.

ఇక సాహిత్యం. 2017లో తెలుగుకు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు 'గాలి రంగు' కవికి వచ్చింది. ఆ కవి పేరు దేవిప్రియ. తల్లిదండ్రులు పెట్టిన పేరు షేక్ ఖాజా హుస్సేన్. తాడికొండవాడు. కవి తన కలానికి ఏ పేరైనా పెట్టుకోవచ్చు, అందులో అడగడానికి ఏమీ లేదు. ఆ కవిత్వం ఏ పేరుతో వచ్చినా అవార్డుకు తగినదే. అడగవలసింది తెలుగు సాహిత్య సమాజాన్ని. పుస్తకం అట్ట మీద షేక్ ఖాజా హుస్సేన్ అని వుంటే 'ఈయన తెలుగు కవి' అని ఆలోచించకుండా అనేవాళ్లు మనలో ఎందరు? 'ఉర్దూ నుంచి అనువాదమా?' అని అడిగేవాళ్లు ఎందరు? మన సాయిబుల్లో తెలుగు రాసే ప్రతివాడూ ఏదో ఒకరోజు ఈ ప్రశ్న విన్నవాడే. 'మీ తెలుగు భలే బాగుందండీ' అన్న మెచ్చుకోలు కూడా అందులోంచి వచ్చిందే. ఇంట్లోవాణ్ని పట్టుకుని మా ఇంటికి ఎప్పుడొచ్చారని అడిగినట్టు వుంటుంది.

1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1995లో బెజవాడ నుంచి దళిత కవుల 'చిక్కనవుతున్న పాట' వచ్చింది. 1998లో ముస్లింవాద కవుల 'జల్‌జలా' వచ్చింది. అంతకుముందు స్త్రీవాద కవుల 'నీలిమేఘాలు' వచ్చింది. తెలుగు కవిత్వం ముఖం మార్చిన పుస్తకాలివి. వీటిలో ఏదీ రాష్ట్ర అకాడమీ ఇంట్లో పుట్టలేదు, పుట్టే వీలు కూడా లేదు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ అకాడమీలను రద్దు చేసింది. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం పెట్టి వాటి పనులు అందులో కలిపింది. 1975లో పెట్టిన ఉర్దూ అకాడమీ మాత్రం నిలిచింది. అప్పటి నుంచీ ముస్లిం అంటే ఉర్దూ, తెలుగు అంటే ముస్లిం కానిది అన్న గోడ ఇంకా గట్టిపడింది.

రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్‌లో అకాడమీల పేర్లు మళ్లీ వినిపించాయి. ప్రభుత్వం మారినప్పుడల్లా కుర్చీల్లో మనుషులూ మారారు. 2021లో తెలుగు అకాడమీ పేరును తెలుగు-సంస్కృత అకాడమీగా మార్చారు. 2022లో ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాషగా చట్టం చేశారు. ఉర్దూకు ఆ గౌరవం రావలసిందే. కానీ ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. తెలుగును సంస్కృతంతో ముడివేశారు, మమ్మల్ని ఉర్దూతో ముడివేశారు. తెలుగుకూ మాకూ మధ్య మాత్రం ఏ ముడీ వేయలేదు. ఇంట్లో తెలుగు తప్ప ఇంకో మాట రాని దూదేకుల కుటుంబాలు ఈ లెక్కలో ఏమయ్యాయి? ఉగాది పండగ సర్కారు ఖర్చుతో జరుగుతుంది. పంచాంగ శ్రవణం వుంటుంది, పురస్కారాలుంటాయి. ఆ వేదిక మీద తెలుగు సంస్కృతి అంటే ఏమిటో ఎవరూ వేరే చెప్పక్కర్లేదు. నుదుటి మీద రాసి వుంటుంది.

ఇప్పుడు మాకు చెప్పే జవాబులు చూద్దాం.

'కళకు మతమేమిటండీ?' ఇది మొదటి జవాబు. చాలా మంచి మాట. సొరుగులు చేసింది మేం కాదు కదా. కళకు మతం లేకపోతే మా కళను సంక్షేమం కిందికి ఎందుకు తోస్తారు? మతం లేదన్న మాట వాటా అడిగినప్పుడే గుర్తొస్తుంది, పంచేటప్పుడు గుర్తు రాదు.

'ప్రభుత్వ సొమ్ము ముట్టుకుంటే కలం అమ్ముడుపోతుంది' అన్నది రెండో జవాబు. ఇది మా విప్లవ మిత్రుల నుంచి వస్తుంది. ఆ మాటలో నిజాయితీ వుంది. రాజ్యం ఇచ్చే శాలువాకి తాడు కట్టి వుంటుందని నాజర్ కథే చెబుతోంది. కానీ ఆ సొమ్ము ఎవరిది? పంజా సెంటర్‌లో చెప్పుల కొట్టువాడు కట్టే పన్నులో అది వుంది. ఇంటిపన్ను కట్టే ప్రతివాడూ రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయాల సెస్సు కడుతున్నాడు. 1960 నాటి చట్టం అది. వించిపేట సాయిబు ఆ సెస్సు కడతాడు. ఆ సెస్సుతో నడిచే గ్రంథాలయం బీరువాలో వించిపేట సాయిబు రాసిన పుస్తకం వుండదు. పన్ను కట్టేటప్పుడు ఎవరూ 'నీ కలం అమ్ముడుపోతుంది జాగ్రత్త' అని చెప్పరు. తాడును తెంపాలి. సొమ్మును వదులుకోకూడదు.

మూడో జవాబు మా ఇంట్లోంచే వస్తుంది. సంగీతం హరామ్ అంటారు కొందరు పెద్దలు. నాదస్వరం వూదేవాణ్నీ, బుర్రకథ చెప్పేవాణ్నీ సగం ముస్లింగా చూస్తారు. ఉర్దూ రానివాడు ముస్లిమే కాదంటారు కొందరు షరీఫులు. దూదేకులాయన పక్కన పీట వేసుకోరు. ఆడపిల్ల కవిత రాస్తే తండ్రికన్నా ముందు పక్కింటివాడు మండిపడతాడు. ప్రభుత్వం పెట్టిన గోడకు మావాళ్లు కూడా ఇటుకలు అందించారు. ఉర్దూ మాత్రమే మా సంస్కృతి అని చెప్పుకున్న ప్రతిసారీ తెలుగు సొరుగుకు మనమే తాళం వేస్తున్నాం. పెళ్లిళ్లలో ఢోలక్ ముందు మా ఆడవాళ్లు పాడే పాటలు ముషాయిరాలోకి రావు, కవిసమ్మేళనంలోకీ రావు. వాటిని రాసిపెట్టే దిక్కు లేదు.

ఈ తగువు మన వూరిది మాత్రమే కాదు. బ్రిటన్‌లో 1946లో ఆర్ట్స్ కౌన్సిల్ పెట్టారు. మంత్రులు సొమ్మిస్తారు, ఎవరికివ్వాలో మాత్రం వాళ్లు చెప్పకూడదు అన్నది అక్కడి నియమం. గొప్ప నియమమే. అయినా ముప్పై ఏళ్లు గడిచాక నసీం ఖాన్ అనే రచయిత్రి ఒక నివేదిక రాయవలసి వచ్చింది. ఆమె తండ్రి భారతీయుడు. ఆ నివేదిక పేరుకు అర్థం 'బ్రిటన్ పట్టించుకోని కళలు'. వలస వచ్చినవాళ్ల ఆటపాటలు ఆ దేశంలో ఎక్కడెక్కడ, ఏ చిన్న హాళ్లలో, ఎవరి సొంత ఖర్చుతో జరుగుతున్నాయో 1976లో ఆమె లెక్కగట్టి చూపించింది. అక్కడివాళ్లు వలస వచ్చినవాళ్లు. మేం ఎక్కడి నుంచి వచ్చాం? కృష్ణ ఒడ్డున పుట్టి కృష్ణ ఒడ్డున ఖబరస్తాన్‌లో పడుకునేవాళ్లం. వలసవాళ్ల కోసం ఆ దేశం చేయించిన లెక్క, సొంతవాళ్ల కోసం ఈ రాష్ట్రం ఎందుకు చేయించదు?

కాబట్టి మేం అడుగుతున్నది స్పష్టంగా చెబుతున్నాం.

తెలుగులో రాసే, పాడే, ఆడే ముస్లింలను తెలుగు పద్దు కిందే చూడాలి. మమ్మల్ని సంక్షేమ శాఖకు పంపొద్దు. కళలకు సాయం ఇచ్చే ప్రతి కమిటీలో మావాళ్లుండాలి. అందులో దూదేకులవాళ్లుండాలి, ఆడవాళ్లుండాలి. అలంకారానికి ఒక షేర్వానీని వేదిక మీద కూర్చోబెడితే చాలదు.

ఎవరికి ఎంత ఇచ్చారో, ఎందుకిచ్చారో, ఎవరు కూర్చుని నిర్ణయించారో ఏటా తెలుగులో అచ్చేసి జనం ముందు పెట్టాలి. సిఫారసు ఉత్తరంతో వచ్చే శాలువాలు మాకొద్దు.

గ్రంథాలయాలు కొనే పుస్తకాల్లో చిన్న ప్రచురణలకు, సొంత ఖర్చుతో వేసుకున్న ముస్లిం, దళిత, స్త్రీ రచయితల పుస్తకాలకు చోటు ఖాయం చెయ్యాలి. ఐదొందల కాపీలు వేసుకుని అప్పు తీర్చుకోలేక చచ్చే కవికి వెయ్యి సన్మానాలకన్నా రెండొందల కాపీలు కొంటే మేలు.

నాదస్వరం, బుర్రకథ కుటుంబాల పిల్లలు ఆ విద్య నేర్చుకుంటున్నప్పుడే స్టైపెండ్ ఇవ్వాలి. పళ్లు వూడిపోయాక సన్మానం చేస్తే నాదస్వరం పలకదు. మా ఆడవాళ్ల పెళ్లిపాటలు, పీర్ల పండగ పాటలు పోకముందే రికార్డు చేసి తెలుగు లిపిలో అచ్చెయ్యాలి. ఉర్దూ కోసం ఖర్చుపెట్టే సొమ్ములో కొంత ఉర్దూ నుంచి తెలుగుకూ, తెలుగు నుంచి ఉర్దూకూ అనువాదాలకు పెట్టాలి. గోడ కూలాలంటే రెండు వైపులా దెబ్బ పడాలి.

వీటిలో ఏదీ కొత్త ఖజానా తెరవాల్సిన పని కాదు. ఉన్న సొమ్మును వున్న మనుషులందరిదిగా చూడటమే.

చివరిగా ఒక మాట. తెలుగులో సర్కారు లెక్కల పుస్తకం తెరవండి. ఖజానా అంటారు. జమ అంటారు. ఖర్చు అంటారు. వసూలు, రసీదు, బాకీ అంటారు. అరబ్బీ, ఫారసీల నుంచి వచ్చి మాతోపాటు ఈ నేల మీద స్థిరపడి తెలుగైపోయిన మాటలు ఇవన్నీ. వాటిని పరాయి మాటలని ఎవరూ అనరు. అవి లేకపోతే ప్రభుత్వానికి పద్దు రాయడమే చేతకాదు. మా మాటలతో లెక్క రాస్తూ మమ్మల్ని లెక్కలోంచి తీసేస్తే ఎలా?

తానీషా ఇచ్చింది ఇనాం. మేం ఇనాం అడగడం లేదు. మీ పుస్తకంలో మా పేరున వున్న బాకీ అడుగుతున్నాం.